మహిళా ప్రజాప్రతినిధుల మూడు రోజుల శిక్షణ: వీలుంటే తప్పకుండా వెళ్లండి

మా ఊళ్లో నేను వార్డు మెంబర్‌ని, మా వదిన సర్పంచ్. జిల్లా కేంద్రంలో ఒక స్వచ్ఛంద సంస్థ మూడు రోజుల శిక్షణ పెడితే ఇద్దరం వెళ్లాం. ఫీజు లేదు, మధ్యాహ్నం భోజనం వాళ్లదే, బస్సు ఖర్చు మనది.

నాకు బాగా నచ్చింది మొదటిరోజు పొద్దున్నే వాళ్లు చేసిన పని. తోడొచ్చిన భర్తలను, కొడుకులను వరండాలో కూర్చోబెట్టి టీ ఇచ్చి హాలు తలుపు వేసేశారు. ఒకాయన "మా ఆమెకేం తెల్వదు మేడమ్, నేను రాసుకుంటా" అంటే, "తెల్వదనే కదన్నా పిలిచింది" అన్నారు ట్రైనర్. తర్వాత మైకు ఇచ్చి ఒక్కొక్కరిని పేరు, పదవి చెప్పమన్నారు. మా వదిన అలవాటుకొద్దీ ఫలానా ఆయన భార్యను అని మొదలుపెట్టింది. "ఓట్లు ఎవరి పేరు మీద పడ్డాయక్కా, ఆ పేరు చెప్పు" అన్నారు మేడమ్. మూడోసారి చెప్పేటప్పటికి, అప్పటిదాకా గుండెల దగ్గరే ఉన్న మైకు నోటి దగ్గరికొచ్చింది.

అసలు పనికొచ్చింది రెండో రోజు. తీర్మానాల పుస్తకం నమూనా ఒకటి చేతికిచ్చి, చివరి తీర్మానానికీ సంతకాలకూ మధ్య ఖాళీ ఎంతుందో చూడమన్నారు. నాలుగు వేళ్ల జాగా. మనం సంతకం పెట్టి ఇంటికెళ్లాక అందులో ఏమైనా రాసుకోవచ్చు, అందుకే ముందు ఆ ఖాళీ మీద అడ్డంగా గీత కొట్టి, రాసిందంతా పైకి చదివించుకుని, అప్పుడు సంతకం పెట్టాలట. ఇన్నాళ్లూ ఇంటికి పంపిన పుస్తకంలో వేలు చూపించిన చోటల్లా సంతకం పెట్టానని తల్చుకుంటే నిజంగా భయమేసింది. కేంద్రం నుంచి పంచాయతీలకు 2021–26కు ఇచ్చిన 15వ ఆర్థిక సంఘం నిధుల్లో 60 శాతం తాగునీటికి, పారిశుధ్యానికే వాడాలని కూడా అక్కడే తెలిసింది, మోరీల కోసం అడిగినప్పుడల్లా పైసల్లేవనే జవాబు విన్నదాన్ని మరి.

మూడో రోజు ఉత్తుత్తి గ్రామసభ పెట్టారు. తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం (2018) ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ జరగాలి, మా ఊళ్లో ఎప్పుడు జరిగిందో గుర్తు కూడా లేదు. కేకలేసే మనిషి, మధ్యలో మాట లాక్కునే మనిషి, అన్ని వేషాలూ ఆడవాళ్లమే వేసి, "ముందు నన్ను పూర్తి చేయనియ్యండి" అనే ఒక్క ముక్కను గొంతు వణక్కుండా అనడం పదేసి సార్లు ప్రాక్టీస్ చేశాం.

లోపాలూ ఉన్నాయి. 1993లో అమల్లోకొచ్చిన 73వ రాజ్యాంగ సవరణ, పంచాయతీల్లో ఆడవాళ్లకు మూడో వంతు నుంచి మన దగ్గర సగానికి పెరిగిన రిజర్వేషన్ గురించి గంటన్నర స్లైడ్లు చదివారు, ఆ అక్షరాలు వెనక వరుసకు కనబడలేదు. అరవై మందికి ఒకటే బాత్రూమ్. చంటిపిల్లల తల్లులకు వేరే గది లేక ఒకామె సగంలోనే వెళ్లిపోయింది, ఆడవాళ్ల కోసం పెట్టిన శిక్షణలో ఇది మొదట చూసుకోవాల్సిన విషయం. సాయంత్రం ఆరు దాకా కూర్చోబెడితే ఆఖరి బస్సు టెన్షన్.

తిరిగొచ్చాక మొదటి మీటింగ్‌లో మా వదిన పెన్ను తీసి ఖాళీ మీద గీత కొట్టింది. కార్యదర్శి సార్ "ఇదెందుకమ్మా" అన్నారు. "ముందు చదవండి సార్, వింటాం" అంది. అన్ని వార్డుల వాళ్లం కూర్చుని విన్నాం, నలభై నిమిషాలు పట్టింది.

వెళ్లేవాళ్లు మీ పంచాయతీ పాత తీర్మానాల జిరాక్స్ పట్టుకెళ్లండి, నమూనా కన్నా అది ముందు పెట్టుకుని అడిగితే సందేహాలు బాగా తీరతాయి.