తొలి ప్రదర్శనకు పాత అంబాసిడర్: వాటర్ సర్వీసింగా, సిరామిక్ కోటింగా, చేతి పనా?

విజయనగరంలో మా వాకిట్లో ఉన్నది 1986 నాటి మార్క్ 4 అంబాసిడర్. నాన్నగారు కొన్న తెల్ల కారు అది. పెళ్లిళ్లకూ, ఏటా పైడితల్లమ్మవారి సిరిమానోత్సవానికి వచ్చే చుట్టాలను స్టేషను నుంచి తేవడానికీ ముప్పయ్యేళ్లకు పైగా తిరిగింది. దానిని విశాఖపట్నంలో జరిగే పాత కార్ల ప్రదర్శనకు మొదటిసారిగా తీసుకువెళ్లాలని అనుకున్నప్పుడు మా ముందు మూడు దారులు నిలిచాయి: ఊళ్లోని వాటర్ సర్వీసింగ్ షెడ్డుకు ఇవ్వడం, విశాఖలోని డిటెయిలింగ్ స్టూడియోలో (కార్లకు మెరుగులు దిద్దే దుకాణంలో) సిరామిక్ కోటింగు వేయించడం, లేదా వారం రోజులు మనమే చేతులతో చేసుకోవడం. మూడింటినీ తూచి చూసిన మీదట నేను చేతి పని వైపే మొగ్గాను.

ముందుగా తెలుసుకోవలసింది రంగు సంగతి. ఇప్పటి కార్లకు రంగు పైన పారదర్శకమైన క్లియర్ కోటు ఉండి, ఎండనూ గీతలనూ అదే భరిస్తుంది. మా కారుకు ఆ పొర లేదు. పైకి కనిపించేది అసలు రంగే. తెలుసుకోవడం తేలిక: డిక్కీ అంచున, ఎవరికీ కనబడని చోట, కొద్దిగా పాలిష్ రాసి నల్లని గుడ్డతో రుద్దితే గుడ్డకు తెల్లదనం అంటుకుంటుంది. క్లియర్ కోటు ఉన్న కారైతే గుడ్డకు రంగు రాదు. ఇలాంటి రంగు ఎండకు మాడినప్పుడు బానెట్ మీద అరచెయ్యి రాస్తే సుద్దలాంటి పొడి వస్తుంది; ఆ చచ్చిన పొరను తీసేస్తే కింద మంచి రంగు ఉంటుంది. కాని రుద్దిన ప్రతిసారీ పోయేది అసలు రంగే కనుక, ఎంత తీస్తున్నామన్నదే ఈ పని మొత్తానికీ కీలకం.

వాటర్ సర్వీసింగు చవక, గంటలో పని అయిపోతుంది. రోజూ తిరిగే కారుకు నేనూ అక్కడికే పోతాను. కాని పాత కారు విషయంలో అధిక ఒత్తిడితో కొట్టే నీళ్లు ఎండిపోయిన తలుపు రబ్బర్ల సందుల్లోంచి లోపలికి చేరి, మ్యాటింగు కింద నిలిచి, అడుగు రేకును తుప్పు పట్టిస్తాయి. ఒకసారి షెడ్డు కుర్రవాడు ఇంజను శుభ్రం కావాలన్న మంచి ఉద్దేశంతోనే డిస్ట్రిబ్యూటర్ (స్పార్క్ ప్లగ్గులకు కరెంటు పంచే భాగం) మీద సూటిగా నీళ్లు కొట్టగా, క్యాప్ విప్పి లోపల ఆరబెట్టేదాకా బండి స్టార్టు కాలేదు. కింద చల్లే డీజిల్, పాత ఆయిలు మిశ్రమం మరొక బెడద. అది తుప్పును కొంత ఆపే మాట నిజమే అయినా కారు కింది కీళ్లలోని రబ్బరు బుష్‌లను ఉబ్బిస్తుంది, దారిలోని దుమ్మునంతా పట్టుకుంటుంది, చివరికి ప్రదర్శన స్థలంలో కారు కింద చుక్కలు చుక్కలుగా కారుతుంది. కనుక ప్రదర్శనకు ముందు షెడ్డు వద్దు. మరీ తప్పనిసరైతే, పది రోజుల ముందుగా చక్రాల గూళ్లలోని మట్టి వదిలించుకోవడానికి మాత్రం వెళ్లి, డీజిల్ కొట్టవద్దని ముందే చెప్పాలి.

సిరామిక్ కోటింగుకు ఆకర్షణ ఎక్కువ. సిలికాన్ డయాక్సైడు ఆధారంగా తయారైన ఈ ద్రవం రంగు మీద గట్టి పొరగా పేరుకొని, నీటిని ముత్యాల్లా జారుస్తుంది, మైనంలా కొన్ని వారాలకే పోకుండా ఏళ్ల తరబడి ఉంటుంది. కొత్త కారు కొన్నవారెవరైనా అడిగితే వేయించుకోమనే చెబుతాను. అయితే అది కింద ఉన్నదానిని ఉన్నట్టే బిగించేస్తుంది; గీత ఉంటే గీతను, మచ్చ ఉంటే మచ్చను. అందుచేత వేసే ముందు మెషిన్‌తో రంగును బాగా కోయక (పై పొరను అరగదీయక) తప్పదు, తరువాత నచ్చకపోతే తీయడానికి మళ్లీ కోయాలి. పలచబడిన పాత రంగు ఆ రెండు కోతలకు తట్టుకోదు. రంగు మందం కొలిచే గేజి పెట్టి చూపిస్తామని స్టూడియోవారు అంటారు, అది మంచి పద్ధతే. కాని మా కారు ఎడమ ఫెండరు ఒకప్పుడు సొట్ట పడి లప్పం పెట్టించుకున్నది. అటువంటి చోట గేజి చూపే పెద్ద అంకె లప్పానిదే తప్ప రంగుది కాదు. పైగా పాత కార్ల న్యాయనిర్ణేతలు అద్దంలా మెరిసే ఒంటిని చూసి మురిసిపోవడం కన్నా, కారు తన కాలానికి తగినట్టుగా ఉన్నదా అని చూడటం ఎక్కువ. 2021లో కేంద్రం వింటేజ్ వాహనాల రిజిస్ట్రేషనుకు తెచ్చిన నిబంధనలు కూడా 50 ఏళ్లు దాటిన బండి అసలు రూపంలో ఉండాలనే అంటాయి. మాది ఆ వయసుకు ఇంకా చేరలేదు, చేరేదాకా దాని రంగు మిగలాలి కదా.

ఇక చేతి పని. దీనికి ఖర్చు తక్కువ, ఓపిక ఎక్కువ. మొదటి రోజు కడగడం: ఒక బకెట్లో కారు షాంపూ నీళ్లు, రెండో బకెట్లో మంచి నీళ్లు పెట్టుకొని, మైక్రోఫైబర్ తొడుగును ప్రతిసారీ రెండో బకెట్లో జాడించి, పైకప్పు నుంచి కిందికి రావాలి. గిన్నెలు తోమే సబ్బు పనికిరాదు, అది పాత మైనాన్నీ రబ్బరులోని నూనెనూ పీల్చేస్తుంది. మా వీధి బోరు నీళ్లలో సున్నం ఎక్కువ కాబట్టి ఎండలో కడిగితే ఆరిన ప్రతి చుక్కా తెల్లని వలయమై మిగులుతుంది. తెల్లవారుజామున, రేకు చల్లగా ఉన్నప్పుడే పని ముగించి వెంటనే తుడవాలి. రెండో రోజు క్లే బార్, అంటే రంగుకు అతుక్కున్న ధూళిని లాగేసే మెత్తని ముద్ద. పలుచని క్యారీ బ్యాగులో చెయ్యి పెట్టి బానెట్ మీద రాస్తే ఇసుకలా గరగరలాడే చోట్లు తెలుస్తాయి. రైల్వే జంక్షన్ ఉన్న ఊరు కనుక మాకు రైలు బ్రేకుల ఇనుప ధూళి కొంత ఎక్కువే. షాంపూ నీళ్లు చల్లుతూ ఆ ముద్దను మెల్లగా రాస్తే ఆ గరుకు పోతుంది. ముద్ద నేల మీద పడితే మాత్రం మొహమాటం లేకుండా పారేయాలి, అంటుకున్న ఒక్క ఇసుక రేణువు చాలు గీతలు పడటానికి.

పాలిష్ దగ్గర మళ్లీ రెండు దారులున్నాయి. ఒకేచోట గిరగిరా తిరిగే రోటరీ మెషిన్ వేగంగా కోస్తుంది, కాని అంబాసిడర్ ఫెండర్ల గుండ్రటి అంచుల మీద క్షణం ఎక్కువ నిలిపితే రంగు కింది పూత, ప్రైమరు, కనిపిస్తుంది. డ్యూయల్ యాక్షన్ మెషిన్ తిరుగుతూనే ఊగుతుంది గనుక వేడి తక్కువ, తప్పుకు చోటు ఉంటుంది. నాకైతే వెడల్పైన పైకప్పుకూ బానెట్‌కూ డ్యూయల్ యాక్షన్, అంచులకూ హ్యాండిళ్ల చుట్టూ చేతి పాలిష్ సరైనవనిపించాయి. ఆపైన పలుచగా కార్నాబా మైనం. బ్రెజిల్‌లోని ఒక తాటిజాతి చెట్టు ఆకుల నుంచి వచ్చే ఈ మైనం పాత రంగుకు గాజు మెరుపు కాకుండా లోతైన నిగారింపు ఇస్తుంది. నెలా రెండు నెలలకు మళ్లీ పెట్టుకోవాలి, అదే దాని లోపం.

తుడిచే గుడ్డ విషయంలో ఇంట్లో చిన్న వాదం నడిచింది. పొందూరు ఖద్దరు పాత పంచె కంటే మెత్తనిది ఉండదని మా అమ్మ అభిప్రాయం. అద్దాలకూ లోపలి రెక్సిన్ సీట్లకూ ఆమె మాటే నిజం. రంగు మీద మాత్రం దుమ్మును పైకి లాగి తన పోగుల్లో దాచుకునే మైక్రోఫైబర్ మేలు. నూలు గుడ్డ దుమ్మును ముందుకు తోస్తుంది.

క్రోమ్ బంపర్ల మీది చిన్న తుప్పు చుక్కలకు అల్యూమినియం ఫాయిలును ఉండ చేసి నీళ్లలో ముంచి తేలికగా రుద్దితే చాలు. ఇత్తడి చెంబుకు వాడే చింతపండు ఇక్కడ వద్దు. డ్యాష్‌బోర్డుకు కొబ్బరినూనె రాసే అలవాటు కొందరికి ఉంది, అది దుమ్మును పిలిచి కూర్చోబెడుతుంది. టైర్లకు తడిగా మెరిసే సిలికాన్ పాలిష్ కన్నా నీటి ఆధారమైనది మంచిది, ఎందుకంటే మొదటిది చక్రం తిరగగానే ఫెండరు మీద చిమ్ముతుంది.

ఈ చివరి మాటకు కారణం దారి. విజయనగరం నుంచి ఆనందపురం మీదుగా విశాఖకు దాదాపు 60 కిలోమీటర్లు; వారమంతా పడిన శ్రమ మీద లారీల దుమ్ము సన్నగా పరుచుకుంటుంది. కనుక డిక్కీలో క్విక్ డిటెయిలర్ (నీళ్లు లేకుండా చల్లి తుడుచుకునే ద్రవం) సీసా, ఉతికిన మైక్రోఫైబర్ గుడ్డలు ఆరు, టైర్ల పాలిష్, నాన్నగారి కాలపు కుచ్చు బ్రష్ పెట్టుకొని, ప్రదర్శన మొదలయ్యే సమయానికి గంటన్నర ముందే చేరాలి. దుమ్ము మందంగా ఉంటే పొడి గుడ్డ తాకించకుండా ముందు సీసాలోని ద్రవం ధారాళంగా చల్లాలి, ఆ తరువాతే పైకప్పు నుంచి మొదలుపెట్టాలి.