ఎండోస్కోపీ గదికి ఏది మేలు: ముందస్తు టెస్టా, ఎగ్జాస్ట్ ఫ్యానా?

రాయగడ, పర్లాకిమిడి వైపు చిన్న ఆసుపత్రుల్లో పనిచేసే మన తెలుగు టెక్నీషియన్లు, సిస్టర్లు కరోనా నాటి నుంచి నన్ను అడిగేది ఒకటే. మళ్లీ అలాంటిదేదైనా వస్తే, ఉన్న కాస్త డబ్బు వచ్చిన ప్రతి పేషెంటుకీ టెస్ట్ చేయడానికి పెట్టమనాలా, గదిలో గాలి మార్చడానికి పెట్టమనాలా అని. నేను ఒడిశాలోని బరంపురంలో ఎండోస్కోపీ పనే చేస్తున్నాను, మా గంజాం జిల్లా పేరు కరోనా కేసులతో రోజూ టీవీలో మోగిన 2020లోనూ, ఆ మరుసటి వేసవిలోనూ స్కోపు (నోట్లోంచి కడుపులోకి దింపే కెమెరా గొట్టం) పక్కనే నిలబడ్డాను. నా ఓటు గాలికే.

స్కోపు వల్ల అంటుకుంటుందన్న భయం పెద్దగా అక్కర్లేదు. వాడగానే బ్రష్‌తో చానెళ్లు (స్కోపు లోపలి సన్నని దారులు) కడిగి, 2 శాతం గ్లూటరాల్డిహైడ్ అనే క్రిమిసంహారక ద్రావణంలో 20 నిమిషాలు ముంచితే కరోనా లాంటి వైరస్ బతకదు, అది మనం ఎప్పుడూ చేసే పనే. గొడవంతా పేషెంటు నోటి దగ్గర. స్కోపు గొంతు దిగేటప్పుడు వచ్చే ఓకారం, దగ్గు, ఆ పక్కనే వంగి, పేషెంటు పళ్ల మధ్య పెట్టే మౌత్‌పీస్ పట్టుకున్న మనం.

టెస్టుకున్న మేలు కాదనను. ఆగగలిగిన కేసుని రెండు వారాలు వాయిదా వేయడానికి అది బాగా పనికొస్తుంది. కానీ ఆర్‌టీపీసీఆర్ రిపోర్టు వచ్చేదాకా పర్లాకిమిడి నుంచి వచ్చినవాళ్లు లాడ్జిలో పడుండాలి, రక్తం కక్కుకునేవాడు ఆగలేడు. యాంటిజెన్ అరగంటలో తేలుస్తుంది గానీ, వైరస్ తక్కువగా ఉన్నవాళ్లని వదిలేస్తుంది. 2021 ఏప్రిల్‌లో మాకు అదే జరిగింది. పొద్దున ఒక పేషెంటుకి నెగెటివ్ అన్నారు, ఉక్కపోతకి నా ఎన్95 ముక్కు కిందికి దిగింది, ఎవరూ ఏమీ అనలేదు. రెండు రోజులకి ఆ పేషెంటు పాజిటివ్, ఆ వెంటనే మేం ముగ్గురం మంచమెక్కాం. నెగెటివ్ కాగితం చూస్తే చెయ్యి దానంతటదే సడలిపోతుంది, నా గొడవ టెస్టుతో కాదు, ఆ సడలింపుతో.

ఇక గాలి. కోలుకుని వచ్చాక ఏసీ వేసి, పేషెంటు తల ఉండే చోట ఒక అగరబత్తి వెలిగించాం. పొగ పైకి లేచి, స్ప్లిట్ ఏసీ దాకా వెళ్లి, తిరిగి సరిగ్గా నేను నిలబడే చోటికే వచ్చింది. ఆ ఏసీ బయటి గాలి ఒక్క గుక్క కూడా తేదు, ఉన్నదాన్నే చల్లబరిచి తిప్పుతుంది. గంటకి 12 సార్లు గాలి మారే గదిలో తేలే కణాల్లో 99 శాతం పోవడానికి 23 నిమిషాలు పడుతుంది, 6 సార్లే మారితే 46, 2 సార్లయితే 2 గంటల పైనే. అంటే మూసిన గదిలో పది నిమిషాలకో కేసు ఎక్కించడమంటే, ముందు పేషెంటు దగ్గిన గాలిని తరవాతి పేషెంటుకి పీల్పించడమే.

లెక్క కష్టమేం కాదు. 12 అడుగుల వెడల్పు, 15 పొడవు, 10 ఎత్తు గది అంటే 1800 ఘనపుటడుగులు, 12 సార్లు మారాలంటే నిమిషానికి 360 ఘనపుటడుగులు లాగాలి. మామూలు 12 అంగుళాల ఎగ్జాస్ట్ ఫ్యాను, రెక్కలకి మట్టి పట్టకుండా చూసుకుంటే, ఆ పని చేస్తుంది. తలుపు కింద సందు వదలండి, గాలి లోపలికి రాకపోతే ఫ్యాను ఊరికే తిరుగుతుంది. మా గదిలో ఫ్యాను పెట్టాక గ్లూటరాల్డిహైడ్ మంటకి కళ్లు నీళ్లు కారడమూ తగ్గింది, అది అడగకుండా వచ్చిన లాభం.

పేషెంటు తల మీద పెట్టే ప్లాస్టిక్ పెట్టె వద్దు, చేతులు ఆడవు. యూవీ దీపం వెలుగు పడినచోటే పనిచేస్తుంది, మంచం కింద నీడలో ఉన్నదాన్ని ముట్టదు.

ఫ్యాను మాత్రం వరండా వైపు పెట్టకండి. మా మేస్త్రీ మొదట అలాగే బిగించాడు, బెంచీ మీద వంతు కోసం కూర్చున్న ఇచ్ఛాపురం పెద్దాయన ఒకాయన ముక్కు మూసుకుని, "ఏటి బాబూ, మీ కంపంతా మా మొహాన కొడతన్నారు" అంటేగానీ మాకు వెలగలేదు.