కాటలీనా 22: పడవ కాపురం మానేశాక బాగుచేసుకున్న చిన్న తెరచాప పడవ

1970ల నాటి కాటలీనా 22ని విప్పి, బాగుచేసి, కొన్నేళ్లుగా అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో బే (అఖాతం)లో నడుపుతున్నాను. చిన్న పాత తెరచాప పడవ కావాలని ఎవరైనా అడిగితే నేను మొదట చెప్పే పేరు ఇదే. కొనేముందు మాత్రం కీల్ (పడవ అడుగున నీళ్లలోకి దిగే బరువైన రెక్క) చూడండి, డెక్ (పడవ పైభాగం) తట్టి చూడండి. మిగతావన్నీ తర్వాత.

అంతకుముందు మేం ముప్పై అడుగుల పడవలోనే కాపురం ఉన్నాం. ఇక్కడి మెరీనాల్లో (పడవలు నిలిపే రేవుల్లో) కాపురానికి మామూలుగా పది శాతం బెర్తులకు, అంటే పడవలు కట్టే చోట్లకు, మించి ఇవ్వరు, కాబట్టి చోటు దొరకడమే గొప్ప అనుకున్నాం. వేసవి హాయిగా గడిచేది. చలికాలం వస్తే పరుపు కింద చెమ్మ, మడతపెట్టిన బట్టలకు బూజు. పాప పుట్టాక ఇక కుదరలేదు, అమ్మేశాం. నీళ్ల మీద బతుకు పోయిందని బాధపడ్డ మాట నిజమే, కానీ ఆ పడవ చాకిరీ మీద నాకు బెంగ లేదు. అడుగున రంగు వేయాలంటే క్రేన్‌తో పైకి తీయించాలి. డీజిల్ ఇంజిన్ వెనక్కి చెయ్యే దూరదు. అందుకే రెండోసారి కొనేటప్పుడు ఒకటే పట్టుబట్టాను: పడవ ఇంటి ముందు నిలవాలి, అందులో ఏ మూలకైనా నా చెయ్యి అందాలి.

ఆ లెక్కకు ఇది సరిగ్గా సరిపోయింది. ఫ్రాంక్ బట్లర్ రూపకల్పన. ఈ మోడల్ పడవలు 15 వేలకు పైగా తయారయ్యాయి కాబట్టి విడిభాగాలకు ఇప్పటికీ లోటు లేదు. పొడవు 21 అడుగుల 6 అంగుళాలు. వెడల్పు ఎనిమిది అడుగుల లోపే, ప్రత్యేక పర్మిట్ లేకుండా ట్రైలర్ మీద రోడ్డెక్కొచ్చు. నాది స్వింగ్ కీల్ రకం. కీల్ పైకి లాగితే రెండడుగుల నీళ్లు చాలు, కిందికి దించితే ఐదడుగులు కావాలి.

పనంతా ఆ కీల్ దగ్గరే ఉంది. దాదాపు 250 కిలోల పోత ఇనుము ఒక పిన్ను మీద వేలాడుతుంది, సన్నటి వైరు తాడు దాన్ని పైకీ కిందికీ లాగుతుంది. ఉప్పునీళ్లలో ఏళ్లు గడిస్తే పిన్ను అరుగుతుంది, అది దూరే రంధ్రం గుండ్రం తప్పి కోలగా సాగుతుంది. అప్పుడు అల వచ్చినప్పుడల్లా కీల్ అటూ ఇటూ కొట్టుకుంటుంది, ఆ దెబ్బ మీ కాళ్లకు తెలుస్తుంది. నేను పడవను దిమ్మల మీద ఎత్తి, జాకీతో కీల్‌ను మెల్లగా దించి, తుప్పంతా గీకించి, ఎపాక్సీ (గట్టిపడే జిగురు) పూతలు వేశాను. రంధ్రంలో బుష్ వేయించి కొత్త పిన్ను పెట్టాను. వైరు తాడు సంగతి ఇప్పటికీ ప్రతి సీజన్ ముందు చూస్తాను. పాత నూలు గుడ్డ పట్టుకుని తాడు పొడవునా తుడుస్తూ వెళ్తే, ఎక్కడైనా ఒక్క పోగు తెగి ఉన్నా గుడ్డ అక్కడ పట్టుకుంటుంది. అలా పట్టుకుందంటే ఆ రోజే తాడు మార్చాలి. తెగితే అంత బరువూ ఒక్కసారిగా కిందికి ఊగి పడవ అడుగునే చీల్చగలదు.

రెండోది డెక్. పైన ఫైబర్, కింద ఫైబర్, మధ్యలో ప్లైవుడ్. మాది కాకినాడ వైపు. తాళ్లరేవులో మేస్త్రీలు చెక్క పడవల అతుకుల్లో దూది కూరడం చూస్తూ పెరిగాను. ఈ ఫైబర్ పడవలో అలాంటి అతుకులు ఉండవు, నీళ్లు బోల్టుల పక్క నుంచి దిగుతాయి. స్క్రూడ్రైవర్ పిడితో అడుగడుగూ తట్టుకుంటూ వెళ్లండి. బాగున్నచోట గట్టిగా ‘టక్’మంటుంది, కుళ్లినచోట శబ్దం మొద్దుగా వస్తుంది. మాస్టుకు (తెరచాప కట్టే స్తంభానికి) ముందున్న డెక్ భాగంలో నాకు మొద్దు శబ్దమే వచ్చింది. పైపొర కోసి, నల్లబడి పిండిలా రాలుతున్న చెక్క తీసేసి, బాగా ఆరనిచ్చి, కొత్త ప్లైవుడ్ పరిచి, మళ్లీ పైపొర అతికించాను. ప్రతి బోల్టు రంధ్రాన్నీ పెద్దది చేసి, ఎపాక్సీ నింపి, గట్టిపడ్డాక దాని మధ్యలోంచి కొత్తగా రంధ్రం వేశాను. ఇక నీళ్లు దిగినా చెక్కకు తగలవు. బోల్టుల కింద సిలికోన్ వద్దు, బ్యూటిల్ టేప్ (జిగురుగా ఉండే రబ్బరు పట్టీ) పెట్టండి. ఫైబర్ గీకేటప్పుడు మంచి మాస్క్ లేకుండా పని మొదలుపెట్టొద్దు, ఆ ధూళి ఊపిరితిత్తులకు చేటు.

మాస్టును పట్టే వైర్లన్నీ కొత్తవి వేశాను. పాతవి ఎంత మెరుస్తున్నా నమ్మలేం. మొత్తమ్మీద పడవ కొన్న డబ్బు కంటే దాన్ని బాగుచేయడానికి పెట్టిందే ఎక్కువ.

నడక విషయానికొస్తే, తేలికపాటి గాలికి కూడా హుషారుగా కదులుతుంది, చుక్కాని చెప్పినమాట వింటుంది. అయితే మా బే వేసవి మధ్యాహ్నాలు వేరు. లోపలి లోయలు వేడెక్కి సముద్రం మీది చల్లగాలిని గోల్డెన్ గేట్ జలసంధి గుండా లాక్కుంటాయి, ఆల్కట్రాజ్ దీవి దగ్గర గాలి 20, 25 నాట్ల వేగంతో (గంటకు దాదాపు 37 నుంచి 46 కిలోమీటర్లు) వీయడం మామూలే. అంత గాలికి తెరచాప మొత్తం విప్పి ఉంచితే పడవ బాగా ఒరిగి, తనంతట తానే గాలివైపు తిరిగిపోతుంది. 15 నాట్లకే తెరచాప కుదించేస్తే ఆ టెన్షన్ ఉండదు. పాపతో వెళ్లేటప్పుడు మేం పొద్దున్నే బయల్దేరతాం, లేదంటే ఓక్లండ్, అలమీడా మధ్య కాలువలోనే తిరుగుతాం.

లోపల నిటారుగా నిలబడలేరు. ఇద్దరు ఒక రాత్రి సుఖంగా పడుకోవచ్చు, ఇందులో కాపురం మాత్రం అసలు తలపెట్టొద్దు. ఇంకో ఇబ్బంది, ట్రైలర్ మీంచి దింపిన ప్రతిసారీ మాస్టు లేపి, తెరచాపలు కట్టేసరికి గంట పడుతుంది, పక్కన ఇంకో మనిషి ఉంటే మేలు. నెలకు రెండుమూడుసార్లు వెళ్లేవాళ్లయితే సీజన్‌లో స్లిప్ (మెరీనాలో పడవ నిలిపే చోటు) అద్దెకు తీసుకోండి. అప్పుడప్పుడూ వెళ్లేవాళ్లకు ట్రైలరే నయం, అడుగున నాచు పట్టదు, ఖరీదైన రంగూ అక్కర్లేదు. బేరమాడేటప్పుడు పడవతో పాటు ట్రైలర్ బ్రేకులు, చక్రాల బేరింగులు కూడా చూసి తీసుకోండి. ఉప్పునీళ్లలో మునిగి తేలేది అవి కూడా.