కాల్షియం సీసా, స్టార్టర్ సంచి: మా చిన్ని రెండు కాన్పుల అనుభవం

మా చిన్ని స్పిట్జ్ కుక్క, ఏడు కిలోలుంటుంది. 2021లో ఒకసారి, 2023లో ఒకసారి పిల్లల్ని పెట్టింది. మొదటి కాన్పుకి కాల్షియం సిరప్‌ని నమ్ముకున్నాం, రెండోసారి స్టార్టర్ ఫుడ్‌ని. రెండూ నెలల తరబడి వాడాను కాబట్టి ఈ నాలుగు మాటలు.

ముందు సిరప్ సంగతి. క్రాసింగ్ చేయించిన వారానికే పెట్ షాపులో కుర్రాడు సీసా చేతిలో పెట్టి, "చూలు మీదున్నప్పుడు ఇది పడాల్సిందే మేడమ్, పిల్లల ఎముకలు గట్టిగా వస్తాయి" అన్నాడు. కడుపుతో ఉన్న ఆడవాళ్ళకి కాల్షియం బిళ్ళలు ఇస్తారుగా, దీనికీ అంతేలే అనుకున్నా. డాక్టర్ని అడగాలన్న ఆలోచనే రాలేదు. పొద్దునొక చెంచా, రాత్రొక చెంచా, ఒక్క పూట తప్పితే ఒట్టు. రుచికి మాత్రం వంక పెట్టను, చిన్ని మూత కూడా నాకేసేది.

ఐదు పిల్లలు. కాన్పు తేలిగ్గానే అయింది. పంతొమ్మిదో రోజు సాయంత్రం నుంచి రొప్పడం మొదలుపెట్టింది. ఉక్కపోత కదా అని ఫ్యాన్ పెంచాను. పిల్లల దగ్గర పడుకోదు, లేస్తుంది, గది చుట్టూ తిరుగుతుంది, మూతిని గోడకేసి రుద్దుకుంటుంది. రాత్రి పదయ్యేసరికి వెనక కాళ్ళు కర్రల్లా బిగుసుకుపోయాయి. ఒళ్ళంతా వణుకు, చెయ్యేస్తే కాలిపోతోంది. మా మామయ్యగారు ఊళ్ళో గేదెల్ని మేపిన మనిషి. మంచం మీద నుంచే చూసి, "పాలజ్వరంలా ఉందమ్మా. కాకపోతే గేదెకి చెవులు చల్లబడిపోతాయి, దీనికేంటి ఇలా మండిపోతోంది?" అన్నారు.

ఆయన పట్టుకున్నది సరైన జబ్బే. పాలలోకి కాల్షియం పోయి నెత్తుట్లో పడిపోతే వచ్చేది. గేదె చల్లబడి కూలబడుతుంది, కుక్కకి వణుకు ఆగక ఒళ్ళు వేడెక్కిపోతుంది. డాక్టరు ముంగాలి నరానికి సూది పెట్టి కాల్షియం గ్లూకోనేట్ కొద్దికొద్దిగా ఎక్కించారు. ఒక చేతిలో సిరంజి, ఇంకో చేత్తో ఛాతీ మీద స్టెతస్కోపు. గబగబా ఎక్కిస్తే గుండె ఆగే ప్రమాదం ఉందట. ముందు దవడ వణుకు తగ్గింది, తర్వాత కాళ్ళు వదులయ్యాయి. చివరికి తల తెచ్చి నా మోచేతి మీద పెట్టుకుంది.

"కాన్పుకి ముందు కాల్షియం ఏమైనా పోశారా?" అని అప్పుడడిగారు. గొప్పగా చెప్పాను, రోజూ పోశామని.

ఆయన చెప్పింది ఇదీ. అవసరమైనప్పుడు ఎముకల్లోంచి కాల్షియం బయటికి తీసే పని మెడ దగ్గరున్న పారాథైరాయిడ్ గ్రంథులది. బయటినుంచి అదేపనిగా పోస్తుంటే వాటికి పని తగ్గి మందగిస్తాయి. తీరా పాలు పడి ఒక్కసారిగా కాల్షియం కావాల్సొచ్చేసరికి అందించలేవు. చిన్న జాతి కుక్క, ఎక్కువ పిల్లలు అయితే ముప్పు మరీ ఎక్కువ. సిరప్ పోయకపోయినా రావచ్చు, కానీ పోసి మనమే దగ్గరికి పిలుచుకున్నట్టు. ఒక రోజంతా పిల్లల్ని తల్లికి దూరంగా పెట్టి, కుక్కపిల్లల పాలపొడి కలిపి మేమే పట్టాం. రెండు గంటలకోసారి ఐదు నోళ్ళు. ఆ రాత్రి ఇంట్లో ఎవరం పడుకోలేదు.

2023లో ఎదకి రాగానే ముందు డాక్టర్ దగ్గరికే వెళ్ళాం. ఫోలిక్ యాసిడ్ ఒక్కటి రాశారు, పిల్లలు అంగిలి చీలి పుట్టకుండా. మిగతావన్నీ పక్కన పెట్టమన్నారు. కాలేయం బలమని రోజూ వండిపెట్టే అలవాటుండేది నాకు, అదీ మాన్పించారు. విటమిన్ ఎ మితిమీరినా అంగిలి చీలే ప్రమాదం ఉందట. కాడ్ లివర్ ఆయిల్ కూడా అందుకే వద్దన్నారు. మామూలు చేప నూనె వేరే, దాన్ని తప్పుబట్టలేదు. మేమే మానేశాం, ఆ కంపు భరించలేక.

తిండి విషయంలో నేను చేసే ఇంకో తప్పు, కట్టిందని తెలిసిన రోజు నుంచే రెట్టింపు పెట్టడం. మొదటి ఐదు వారాలు మామూలు తిండే చాలు. నాలుగో వారంలో రెండు మూడు రోజులు ముద్ద ముట్టకపోయినా ఈసారి కంగారు పడలేదు. ఆరో వారం నుంచి స్టార్టర్, అంటే తల్లికీ పాలు మరిచే పిల్లలకీ కలిపి తయారుచేసే గింజలు. పాత తిండిలో వారం రోజులపాటు కొంచెం కొంచెం కలుపుతూ మార్చాం. మొత్తం పెంచుకుంటూ పోయి చివరికి మామూలు కంటే మూడో వంతు ఎక్కువ. పొట్టలో చోటుండదు కాబట్టి రోజుకి నాలుగు పూటలు. అందులో కాల్షియం కొలత ప్రకారమే ఉంటుంది, పైన ఏదీ వేయకూడదు. ఉడికించిన గుడ్డు, ఎముక తీసిన కోడిమాంసం కాస్త నంజుకి.

లోపం లేదని కాదు. కిలో సంచి 800 పైనే పడింది. పాలిచ్చే రోజుల్లో చిన్ని మామూలు కంటే మూడు రెట్లు తినేది, సంచి ఎప్పుడు ఖాళీ అయ్యేదో తెలిసేది కాదు. పైగా సంచి తెరిచి పది రోజులైతే వాసన పోయి మూతి తిప్పేసేది. గోరువెచ్చని నీళ్ళు పోసి పది నిమిషాలు నానబెడితే మళ్ళీ తినేది. ఇరవై ఐదో రోజు నుంచి అదే జావలా చేసి పిల్లలకీ పెట్టాం. తల్లి మీద పాల భారం తగ్గిందంటే సగం దానివల్లే.

క్రాసింగ్ అయిన యాభై ఆరో రోజు ఎక్స్‌రేలో నాలుగు వెన్నెముకలు కనిపించాయి. అరవై ఒకటో రోజు పొద్దున జ్వరం చూస్తే 98.6కి పడిపోయింది, కుక్కకి అలా ఒళ్ళు చల్లబడితే కాన్పు దగ్గరపడ్డట్టే. అర్ధరాత్రికి నాలుగూ బయటికొచ్చాయి. పాత కథ తెలుసు కాబట్టి కాన్పయ్యాక మాత్రం డాక్టరే కాల్షియం మొదలుపెట్టించారు, కొలత ఆయనదే. వణుకు రాలేదు. ఒక పిల్ల తక్కువ కాబట్టి కూడా కావచ్చు, అంతా సంచి గొప్పే అని నేనైతే అనను.

సిరప్‌కి నా వైపు నుంచి సున్నా. స్టార్టర్‌కి ఐదుకి నాలుగు, ఆ తగ్గిన ఒకటీ ధరకి. తర్వాత చిన్నీకి ఆపరేషన్ చేయించేశాం. మిగిలిన అరకిలో గింజలు మా వీధిలో పిల్లల్ని పెట్టిన నల్లకుక్క మూడు రోజుల్లో ఖాళీ చేసింది. నానబెట్టాల్సిన పని కూడా లేకపోయింది.