డిఫెండర్‌లో ఆఫ్‌లో పడి ఉండే ఆ ఒక్క స్విచ్: ఏళ్ల తరబడి వాడాక నా మాట

విండోస్‌తో పాటే వచ్చే డిఫెండర్ సరిపోతుందా, డబ్బులు పెట్టి వేరే యాంటీవైరస్ కొనుక్కోవాలా అన్న చర్చలోకి నేను పోవడం లేదు. రాసేదల్లా డిఫెండర్ లోపలున్న ఒక్క సదుపాయం గురించే. దాని పేరు కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్. 2017 అక్టోబరులో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్‌తో మొదలైంది, విండోస్ 11లోనూ ఉంది, పైసా ఖర్చు లేదు. అయినా మా విజయనగరంలో ఎవరింట్లో కంప్యూటర్ తెరిచి చూసినా అది ఆఫ్‌లోనే ఉంటుంది, ఎందుకంటే విండోస్ వేసినప్పుడే అది ఆఫ్‌లో వస్తుంది. ఇంత పనికొచ్చేదాన్ని అన్ని మెనూల లోపల దాచడం ఏమిటన్న బాధ నాకింకా పోలేదు.

అది చేసే పని ఇంతే. మామూలు స్కానర్ ఇంట్లోకొచ్చిన ప్రతివాడి మొహం చూసి దొంగో కాదో తేల్చాలనుకుంటుంది. ఇది ఆ జోలికి పోకుండా బీరువా తాళం మాత్రం తెలిసినవాళ్లకే ఇస్తుంది. డాక్యుమెంట్స్, పిక్చర్స్, వీడియోస్, మ్యూజిక్ లాంటి ఫోల్డర్లలో ఉన్న ఫైళ్లను నమ్మకమైన ప్రోగ్రాములే మార్చగలవు, చెరపగలవు. ఊరూ పేరూ లేని ప్రోగ్రామ్ ఏదైనా వేలు పెడితే అక్కడే ఆగిపోతుంది, కుడివైపు కింద మూల ఒక నోటీసు పడుతుంది. ఆ ప్రోగ్రామ్ వైరస్ అని తేలకపోయినా సరే. ఈ సదుపాయం విలువంతా ఆ చివరి మాటలోనే ఉంది.

ఆన్ చేయడానికి విండోస్ సెక్యూరిటీ తెరిచి, వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్‌లోకి వెళ్లి, అట్టడుగున మేనేజ్ రాన్సమ్‌వేర్ ప్రొటెక్షన్ నొక్కాలి. రాన్సమ్‌వేర్ అంటే ఫైళ్లకు తాళం వేసి, విప్పడానికి డబ్బులడిగే వైరస్. స్విచ్ ఆ పేజీలోనే ఉంది. అది నొక్కేసి పని అయిపోయిందని లేచిపోతే మాత్రం మన జిల్లాల్లో సగం ఇళ్లకు ఉపయోగం ఉండదు. ఇక్కడ అసెంబుల్ చేయించిన కంప్యూటర్లకు షాపువాళ్లు హార్డ్‌డిస్కును సి, డి, ఈ అని ముక్కలు చేసి ఇస్తారు. విండోస్ పాడైతే సి ఒక్కటీ ఫార్మాట్ చేసుకోవచ్చని, విలువైనవన్నీ డిలో పెట్టుకోవడం అలవాటు. టెన్త్ మార్కుల మెమో స్కాను, పట్టాదారు పాసుపుస్తకం, స్టూడియోవాళ్లు ఇచ్చిన పెళ్లి ఫొటోలు, సిరిమాను రోజు తీసిన వీడియోలు, అన్నీ డిలోనే. ఈ సదుపాయం తనంతట తాను కాపాడేది సి డ్రైవ్‌లో యూజర్ పేరు కింద ఉన్న ఫోల్డర్లనే. డి డ్రైవ్ సంగతి దానికి తెలియదు, మనమే చెప్పాలి. ఆ స్విచ్ కిందే ప్రొటెక్టెడ్ ఫోల్డర్స్ అని ఉంటుంది, అందులో యాడ్ నొక్కి ఫోల్డర్ చూపిస్తే దాని లోపలి ఫోల్డర్లన్నీ కూడా రక్షణలోకి వస్తాయి. డి డ్రైవ్ మొత్తాన్నీ ఒక్కసారే చేర్చుకోవచ్చు గానీ, గేమ్సో వేరే సాఫ్ట్‌వేరో అందులో ఇన్‌స్టాల్ చేసి ఉంటే ఆపమన్నా ఆగని నోటీసులు. ఫోల్డర్ల వారీగా చేర్చుకోవడమే హాయి.

ఇప్పుడు అసలు సంగతి. మా ఇంటి డెస్క్‌టాప్‌లో పీడీఎఫ్ ఎడిటర్ పేరుతో ఒక జిప్ ఫైలు దిగింది. జిప్‌కు పాస్‌వర్డ్ ఉంది, ఆ పాస్‌వర్డ్ డౌన్‌లోడ్ పేజీలోనే రాసి ఉంది. జనం దీన్ని పట్టించుకోరు గానీ పాస్‌వర్డ్ పెట్టడానికి కారణం ఒక్కటే, జిప్ విప్పేదాకా లోపలేముందో స్కానర్‌కు కనిపించదు. విప్పి సెటప్ నొక్కాక ఎడిటర్ రాలేదు. విండోస్ అప్‌డేట్ అవుతున్నట్టు ఒక కిటికీ వచ్చింది, అది దొంగ కిటికీ. దాని వెనకాల ఒకదాని మీద ఒకటి నోటీసులు మొదలయ్యాయి. అనాథరైజ్డ్ చేంజెస్ బ్లాక్డ్ అని, కింద ప్రోగ్రామ్ చిరునామా. ఆ చిరునామా యాప్‌డేటా లోపల, లోకల్ కింద, అంకెలూ అక్షరాలూ కలిసిన పొడుగాటి పేరున్న కొత్త ఫోల్డర్‌ది. మామూలు సాఫ్ట్‌వేర్ ప్రోగ్రామ్ ఫైల్స్‌లోకి వెళ్తుంది గానీ అలాంటి పేరుతో అక్కడ చేరదు.

డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిస్తే తెలిసింది అది స్టాప్ డీజేవియూ అని పిలిచే రాన్సమ్‌వేర్ అని. ప్రతి ఫైలు పేరు చివరా నాలుగక్షరాల తోక, పక్కన రీడ్‌మీ పేరుతో ఒక టెక్స్ట్ ఫైలు. 980 డాలర్లు కట్టాలి, 72 గంటల్లోపు మాట్లాడితే 490 అని అందులో ఉంది. ఇది ఫైలు మొత్తానికీ తాళం వేయదు, మొదటి 150 కిలోబైట్లను మాత్రమే చెడగొడుతుంది. అందుకే అంత వేగం. మనం కిటికీ వంక చూస్తుండగానే వందల ఫైళ్లు అయిపోతాయి. డౌన్‌లోడ్స్ అప్పటికే పోయింది, ఎందుకంటే రక్షణ జాబితాలో అది లేదు. డాక్యుమెంట్స్‌లోకి, పిక్చర్స్‌లోకి, డి డ్రైవ్‌లో చేర్చిన ఫోల్డర్లలోకి వెళ్లి చూస్తే ఒక్క ఫైలుకూ తోక లేదు. ఆ రీడ్‌మీ ఫైలు కూడా వాటిలో దిగలేదు, అది రాయడానికీ అనుమతి దొరకలేదు కాబట్టి. డి డ్రైవ్‌లోనే పక్కపక్కన ఉన్న రెండు ఫోల్డర్లలో, జాబితాలో ఉన్నది చెక్కుచెదరకుండా ఉంది, లేనిది పోయింది. ఆ పోయినదాంట్లో పాత సినిమాలే ఉన్నాయి. ఆ సమయానికి డిఫెండర్ స్కానర్ దాన్ని వైరస్‌గా గుర్తుపట్టనే లేదు.

ఇలాంటిది జరిగితే ముందు నెట్ తీసేయాలి, రూటర్ స్విచ్ ఆపేస్తే చాలు. తర్వాత స్కాన్ ఆప్షన్స్‌లో డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ నడపాలి. కంప్యూటర్ రీస్టార్ట్ అయి, విండోస్ పూర్తిగా లేవకముందే సుమారు 15 నిమిషాలు వెతుకుతుంది. విండోస్ నడుస్తుండగా దాక్కోగలిగేది అప్పుడు దాక్కోలేదు. అంతటితో ఆగకూడదు. ఈ రకం వైరస్, వేళకు పనులు నడిపే టాస్క్ షెడ్యూలర్‌లో టైమ్ ట్రిగ్గర్ టాస్క్ అన్న పేరుతో ఒక పని పెట్టి, ప్రతి 5 నిమిషాలకూ మళ్లీ లేస్తుంది. దాన్ని తీసేయాలి. విండోస్ ఫోల్డర్‌లో సిస్టమ్32, డ్రైవర్స్, ఈటీసీ దారిలో ఉన్న హోస్ట్స్ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడాలి. యాంటీవైరస్ సైట్లు తెరుచుకోకుండా అందులో వాటి పేర్లన్నీ రాసి పెడుతుంది. తాళం పడ్డ ఫైళ్లను చెరిపేయకండి. అది తన సర్వర్‌ను అందుకోలేకపోయినప్పుడు ఆ తోక రకం తగిలిన అందరికీ ఒకే ఆఫ్‌లైన్ తాళం వాడుతుంది. ఆ తాళం ఎప్పుడైనా బయటపడితే ఎమ్సీసాఫ్ట్ అనే యాంటీవైరస్ కంపెనీ ఉచితంగా ఇచ్చే డిక్రిప్టర్ ఆ ఫైళ్లను విప్పుతుంది. ఆన్‌లైన్ తాళమైతే ఆశ పెట్టుకోనక్కర్లేదు.

ఇంతవరకూ చదివి ఇది ఆన్ చేసుకుంటే చాలనుకుంటే నా మాటను కొంచెం తగ్గించి తీసుకోండి. ఇది రాయడాన్నీ చెరపడాన్నీ ఆపుతుంది, చదవడాన్ని ఆపదు. ఈ డీజేవియూ తనతో పాటు పాస్‌వర్డ్‌లు దొంగిలించే ప్రోగ్రామ్‌ను కూడా దింపుతుంటుంది. బ్రౌజర్‌లో సేవ్ చేసిన జీమెయిల్, బ్యాంకు పాస్‌వర్డ్‌లు, మళ్లీ పాస్‌వర్డ్ అడగకుండా మనల్ని లాగిన్‌లో ఉంచే కుకీలు అది ఎత్తుకుపోతుంటే ఈ సదుపాయం నోరు మెదపదు. ఫొటోలు భద్రంగా ఉన్నాయి కదా అని ఊరుకోకుండా పాస్‌వర్డ్‌లన్నీ మార్చాలి. అదీ ఆ కంప్యూటర్ నుంచి కాదు, ఫోన్ నుంచి. మార్చాక అన్ని పరికరాల నుంచీ సైన్ అవుట్ కొట్టాలి, లేకపోతే పోయిన కుకీతో లోపలికి రావచ్చు.

ఇంకో లొసుగు. ఇది డిఫెండర్ రియల్‌టైమ్ ప్రొటెక్షన్ మీద ఆధారపడి నడుస్తుంది. కొత్త ల్యాప్‌టాప్‌తో వచ్చే ట్రయల్ యాంటీవైరస్ ఏదైనా నడుస్తుంటే డిఫెండర్ పక్కకు తప్పుకుంటుంది, దాంతో ఇదీ ఉండదు. ట్రయల్ వాడని ఇంట్లో దాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేయాలి. క్రాక్ సాఫ్ట్‌వేర్ పెట్టేవాళ్లు మొదటి మెట్టుగా యాంటీవైరస్ ఆపండి అని రాసేది ఇందుకే, అది ఆపితే ఇదీ ఆగిపోతుంది. టాంపర్ ప్రొటెక్షన్ స్విచ్ ఆన్‌లో ఉంటే వేరే ప్రోగ్రాములు రియల్‌టైమ్‌ను చాటుగా ఆపలేవు, కానీ మన చేత్తో మనమే ఆపితే అదేం చేస్తుంది? రోజువారీ వాడకానికి అడ్మిన్ హక్కులు లేని మామూలు అకౌంటు పెట్టుకుంటే మరో అడ్డంకి.

ఇక రోజూ వాడటంలో చిరాకు. ఇది ఆపిన ప్రోగ్రామ్ చెప్పే కారణం తరచూ తప్పుగా ఉంటుంది. పాత స్కానర్ సాఫ్ట్‌వేర్‌లో సేవ్ నొక్కితే ఫైల్ నాట్ ఫౌండ్ అని వస్తుంది. స్కానర్ చెడిందనుకుని మెకానిక్‌ను పిలవకముందు ప్రొటెక్షన్ హిస్టరీ చూడండి. అది ఆపినదే అయితే అలౌ యాన్ యాప్‌లోకి వెళ్లి, రీసెంట్లీ బ్లాక్డ్ యాప్స్‌లో దాని పక్కనున్న ప్లస్ గుర్తు నొక్కితే సరి. అనుమతి ప్రోగ్రామ్ ఉన్న చోటుకు కట్టుబడి ఉంటుంది. అప్‌డేట్ అయ్యాక కొత్త వెర్షన్ నెంబరుతో వేరే ఫోల్డర్‌లోకి మారే సాఫ్ట్‌వేర్‌కు మళ్లీ ఇచ్చుకోవాలి. పైథాన్ లాంటి, స్క్రిప్టులనే చిన్న ప్రోగ్రాములను నడిపేవాటికి మాత్రం అనుమతి ఇవ్వొద్దు, ఇచ్చారంటే దాని చేత నడిచే ప్రతి స్క్రిప్టుకూ ఇచ్చినట్టే. ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్కును జాబితాలో చేర్చి నిశ్చింతగా ఉండటమూ కుదరదు, రేపు దాని డ్రైవ్ అక్షరం మారితే రాసిన దారి తప్పవుతుంది. దానికి రక్షణ కాపీ అవగానే కేబుల్ పీకేయడమే.

పెన్‌డ్రైవ్ విషయంలో ఇది సాయం చేయదు, ఆ పని స్కానర్‌దే. శ్రీకాకుళం ఏడురోడ్ల కూడలి అయినా, ఇక్కడి ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గరైనా, జిరాక్స్ షాపుల్లో ఒకే కంప్యూటర్‌లో రోజంతా ఊళ్లో పెన్‌డ్రైవ్‌లన్నీ గుచ్చుతారు. ఇంటికొచ్చాక ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారి కనిపిస్తాయి. ఫైళ్లు పోవు, దాచేసి ఉంటాయి. ఆ షార్ట్‌కట్ నొక్కితేనే వైరస్ మన కంప్యూటర్‌కు అంటుకుంటుంది. డిఫెండర్‌లో ఫుల్ స్కాన్ కొట్టినా మామూలు సెట్టింగుల్లో పెన్‌డ్రైవ్‌ను చూడదు. దిస్ పీసీలో పెన్‌డ్రైవ్ మీద రైట్‌క్లిక్ చేసి స్కాన్ విత్ మైక్రోసాఫ్ట్ డిఫెండర్ నొక్కాలి. ప్రింట్ కోసమే అయితే పీడీఎఫ్‌ను ఫోన్ నుంచి షాపుకు పంపడం అన్నిటికన్నా మేలు.

తుపాను కాలంలో మరో ముచ్చట. 2018 అక్టోబరులో తిత్లీ తర్వాత ఉద్దానం ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు. అలా చాలాకాలం ఆగిన కంప్యూటర్‌లో వైరస్ సమాచారం పాతబడి ఉంటుంది. లేపగానే ప్రొటెక్షన్ అప్‌డేట్స్‌లో చెక్ ఫర్ అప్‌డేట్స్ నొక్కి, అది పూర్తయ్యాకే పెన్‌డ్రైవ్ పెట్టండి.

మనం ఏదీ నొక్కకపోయినా వచ్చేవాటికి ఈ స్విచ్ చివరి అడ్డు మాత్రమే, మొదటిది విండోస్ అప్‌డేటే. 2017 మే నెలలో వాన్నాక్రై విండోస్‌లోని ఒక కన్నంలోంచి కంప్యూటర్ నుంచి కంప్యూటర్‌కు దానంతటదే పాకింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లకూ తగిలిందని, వాటిలో శ్రీకాకుళం జిల్లావీ ఉన్నాయని అప్పట్లో వార్తలొచ్చాయి. ఆ కన్నం పూడ్చే అప్‌డేట్ అదే ఏడాది మార్చిలోనే వచ్చింది.

మా ఇంటివరకూ దీనికి నా మార్కులు నిండుగానే ఉన్నాయి. ఒక డెస్క్‌టాప్, వాడేవి బ్రౌజరూ వర్డూ ఫొటోలూ, అనుమతులు ఒకసారి ఇచ్చుకున్నాక నెలలకు నెలలు దాని ఊసే ఉండదు. శుభలేఖలూ కరపత్రాలూ వేసే డీటీపీ పని ఇంట్లోనే చేసేవాళ్లకు ఇంత ధైర్యంగా చెప్పలేను. ఆ పాత తెలుగు సాఫ్ట్‌వేర్లకు తయారీదారు ఎవరో రుజువు చేసే డిజిటల్ సంతకాలు ఉండవు కాబట్టి ఇది వాటిని నమ్మకపోవచ్చు, పని మధ్యలో సేవ్ ఆగిపోతే కష్టం. వాళ్లు పని ఫైళ్లకు రక్షణలో లేని ఒక ఫోల్డర్ పెట్టుకుని, పూర్తయిన వాటిని రక్షణలో ఉన్న ఫోల్డర్‌లోకి మార్చుకుంటే నడుస్తుంది. ఇక టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ లేక విండోస్ 11కు మారలేని పాత డబ్బాలు మన దగ్గర చాలా ఉన్నాయి. విండోస్ 10కు మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి, అదనపు సెక్యూరిటీ అప్‌డేట్లకు పేరు నమోదు చేసుకుంటే 2026 అక్టోబరు 13 దాకా వస్తాయి. ఆ తర్వాత కూడా ఈ స్విచ్ ఆన్‌లో ఉంటుంది గానీ, అలాంటి కంప్యూటర్‌లో బ్యాంకు పని చేయమని మాత్రం నేను చెప్పను.