కలప కొలతల యాప్: సిరొంచ వైపు టేకు లెక్కలకు ఎంతవరకు పనికొస్తుంది

మహారాష్ట్రలోని సిరొంచ, అంకీసా వైపు ఇల్లు కట్టేవాళ్లకు రెండు కొలమానాలతో తిప్పలు. ఆలపల్లి డిపో టేకు కాగితం మీద మరాఠీలో ఘనమీటర్లు, కోత మిల్లులోనూ వడ్రంగి నోటా సీఎఫ్టీ, అంటే ఘనపుటడుగులు. 1 ఘనమీటరుకు 35.315 సీఎఫ్టీ. ఈ మార్పిడి యాప్ చిటికెలో చేస్తుంది, ఏళ్లుగా వాడుతున్నా అందులో తేడా రాలేదు. తేడాలన్నీ మనం నింపే గడుల్లోనే.

దుంగల పేజీ తెరవగానే ‘సిలిండర్’ పద్ధతి ఉంటుంది. ముందు దాన్ని ‘క్వార్టర్ గర్త్’కి మార్చండి, బేరమంతా దాని మీదే. చుట్టుకొలతలో నాలుగో వంతును దానితోనే హెచ్చించి, పొడవుతో హెచ్చించాలి. 48 అంగుళాల చుట్టు, 10 అడుగుల పొడవు ఉంటే 12×12×10÷144, సరిగ్గా 10 సీఎఫ్టీ. సిలిండర్‌లో అదే దుంగ 12.73 చూపిస్తుంది. అమ్మేవాడిదో పద్ధతి, కొనేవాడిదో పద్ధతి అయితే మిల్లు దగ్గర గొడవే.

టేపు దుంగ నడిమధ్య పట్టాలి. అక్కడ బుడిపె ఉంటే అటూ ఇటూ కొలిచి సగటు తీయాలి. బెరడు సంగతి యాప్ అడగదు. అర అంగుళం బెరడు మీద నుంచి 48 వచ్చిందంటే లోపలి చెక్క 8.7 సీఎఫ్టీయే.

కోత సైజుల పేజీ మాత్రం చాలా బాగుంది. 5×3 అంగుళాల ద్వారబంధానికి 7 అడుగుల నిలువులు రెండు, మూడున్నర అడుగుల అడ్డాలు రెండు, అంటే 21 అడుగులు, 2.19 సీఎఫ్టీ. గడప వదిలేస్తే 1.82కి దిగుతుంది, ఎస్టిమేట్లలో ఎక్కువగా ఎగిరిపోయేది ఆ గడపే. చిత్రిక పట్టాక 5×3 కాస్తా 4¾×2¾ అవుతుంది, చెక్క 13 శాతం తగ్గుతుంది. బిల్లు మాత్రం 5×3కే. కాబట్టి ఎస్టిమేట్‌లో కోత సైజే వేసుకోవాలి.

పొడవు గడిలో 6 అడుగుల 10 అంగుళాలను 6.10 అని కొట్టేస్తుంటారు. అది 6.83. ముక్కకు పదో వంతు పైగా తక్కువ పడుతుంది, యాప్ కిక్కురుమనదు.

ఇంకో లోపం, ముక్క ముక్కకూ రెండు దశాంశాలకు కుదిస్తుంది. పెంకుటింటికి 2×1 అంగుళాల రీపర్లు (పెంకుల కింద వేసే సన్న పట్టీలు), 3 అడుగులవి 100 వేస్తే 4.17 రావాల్సింది 4.00 చూపిస్తుంది. రీపర్లకు సంఖ్య గడి వదిలేసి, మొత్తం 300 అడుగులూ ఒకే పొడవుగా వేసేయండి.