గెరెజానీలో షాకప్‌లు కొనబోతున్నారా? కాస్త ఆగండి

టాంజానియాలో, దార్ ఎస్ సలాంలో ఉన్న మన తెలుగువాళ్ళకి, ముఖ్యంగా ఈ సెలవులకి సొంత కారులో సెరెంగెటి అడవి చూడటానికి బయల్దేరేవాళ్ళకి. నేను అటు వెళ్ళి నిన్న రాత్రే తిరిగొచ్చాను. పొద్దున్నే, గెరెజానీ స్పేరుపార్టుల బజారులో నేను షాకప్‌లు కొన్న కొట్టుకి వెళ్ళొచ్చాను. ఒళ్ళు ఇంకా మండుతూనే ఉంది. ఏ కొట్టు అని అడక్కండి, మనలో సగం మంది కొనేది అక్కడే.

నాది పాత ప్రాడో కారు. అమ్మానాన్న వస్తున్నారని, నాలుగు షాకప్‌లూ, అంటే చక్రాల దగ్గర కుదుపు తగ్గించే నూనె గొట్టాలు, మార్పించాను. కొట్టువాడు ఆరు లక్షల డెబ్భై వేల షిల్లింగులు చెప్పాడు. జపాన్ డబ్బా, మెరిసే స్టిక్కరు, ప్లాస్టిక్ కవరు, అన్నీ సలక్షణంగా ఉన్నాయి. "రసీదు వద్దంటే ఆరుకి ఇచ్చేస్తా బాస్" అన్నాడు. 'అమ్మితే రసీదు ఇవ్వు, కొంటే రసీదు అడుగు' అని పన్నులవాళ్ళు ఊరంతా మొత్తుకుంటూనే ఉంటారు. వింటామా? డెబ్భై వేలు మిగిలాయని ఇంటికొచ్చి మా ఆవిడ దగ్గర గొప్పలు కూడా పోయాను.

దారిలో కరాటు ఊరి దాకా తారు రోడ్డే, ఏ బాధా లేదు. న్గోరోంగోరో కొండ దాటి ఓల్డువై లోయ వైపు దిగాక అసలు కథ. ఆ కంకర రోడ్డు తెలిసినవాళ్ళకి తెలుసు, రేకుల షెడ్డు కప్పు మీద బండి నడిపినట్టుంటుంది. నాన్న కాసేపు జీబ్రాలు లెక్కపెట్టారు. తర్వాత మాట్లాడటం మానేశారు. ఆ తర్వాత, "ఏరా, ఇది రోడ్డా, తిరగలి రాయా?" అన్నారు. అప్పుడే వెనక కుడిపక్క టంగుమని మొదలైంది. ప్రతి గుంతకీ ఇనుము ఇనుముకి తగులుతోంది. కారు వెనకభాగం రోడ్డు మీద నిలవడం లేదు, పక్కకి జారిపోతోంది.

ఒక సఫారీ బండి డ్రైవరు ఆగి, కిందకి దూరి, నాలుగు షాకప్‌లనీ ఒక్కొక్కటిగా చేత్తో ముట్టుకున్నాడు. ముందువి రెండూ చెయ్యి పెట్టలేనంత వేడి. వెనకవి రెండూ చల్లగా ఉన్నాయి. ఇలాంటి రోడ్డు మీద పనిచేసే షాకప్‌లో నూనె కాగుతుందట. చల్లగా ఉందంటే అది ఏ పనీ చెయ్యడం లేదన్నమాట. "ఇమెకుఫా" అన్నాడు. చచ్చిపోయింది అని. సింహాల సంగతి దేవుడెరుగు, అక్కణ్ణుంచే ఇరవైలో నడుపుకుంటూ కరాటుకి వెనక్కి. గేటు దగ్గర కట్టిన డబ్బులు గోవిందా.

కరాటులో ఫుండీ, అదే మెకానిక్కు, వెనక రెండూ ఊడదీశాడు. కుడిదాని కింది రబ్బరు బుష్షు నుజ్జునుజ్జు. కిరోసిన్ గుడ్డతో గట్టిగా రుద్దితే నల్ల పెయింటు గుడ్డకి అంటుకొచ్చేసింది. దాని కింద తుప్పు, తుప్పు మధ్యలో శనగగింజంత వెల్డింగు చుక్క. ఎవరి కారుకిందో చచ్చిన షాకప్‌కి కన్నం పెట్టి, నూనె పోసి, అతికి, రంగేసి, డబ్బాలో పెట్టి నాకు అమ్మాడు. ఎడమదానికీ సరిగ్గా అలాంటి చుక్కే. మంచి షాకప్ అయినా ఆ రోడ్డు మీద అరుగుతుంది, సీలు కారుతుంది, ఒప్పుకుంటాను. కానీ మూడు వారాలకా!

పొద్దున్న ఆ రెండూ తీసుకెళ్ళి వాడి కౌంటరు మీద పెట్టాను. చపాతీ తింటున్నాడు. చెయ్యి కూడా ఆపలేదు. "రోడ్డు బాలేదు బాస్. పోలే సానా" అన్నాడు, అయ్యో పాపం అని. రోడ్డు బాగుంటే నాకు షాకప్‌లెందుకు నాయనా? వెల్డింగు చూపించాను. దానివైపు చూడకుండానే, "రసీదు ఏది?" అన్నాడు.

"నువ్వేగా వద్దంటే తగ్గిస్తానన్నావు!"

"రసీదు లేకపోతే మా సరుకు కాదు."

అంతే. మళ్ళీ చపాతీ. ఆ రోజు షాకప్‌లు బిగించి, నా దగ్గర సోడాకని పదివేలు పట్టుకెళ్ళిన కుర్రాడు అక్కడే ఉన్నాడు. వాడి మొహం చూశాను. బోల్టుల డబ్బాలో ఏదో వెతుక్కోవడం మొదలుపెట్టాడు. డబ్బు పోయినందుకు కాదు, ఆ కుర్రాడు తల తిప్పుకున్నాడు చూడండి, అదీ మండింది.

కొనేటప్పుడు రసీదు తీసుకోండి, వాడు ఎంత తగ్గిస్తానన్నా సరే. గ్యాస్ షాకప్ అయితే రాడ్డు లోపలికి నొక్కి వదలండి, దానంతటదే పైకి రావాలి. పెయింటు గోటితో గీకి చూడండి. సిగ్గుపడకండి.

ఇంకొకటి, ఇప్పుడే తట్టింది. కొన్న రోజు వాడు "పాతవి మేమే పారేస్తాం బాస్" అంటే, ఎంత మంచివాడో అనుకుని నాలుగూ అక్కడే వదిలేసి వచ్చాను. ఈపాటికి వాటికీ నల్లరంగు పడి ఉంటుంది. మీలో ఎవరైనా కొని ఉంటే, అవి నావే.